నైలాన్ కంకణం

పొట్టు తీస్తుంటే కంకణం తిరిగే కత్తికి చిక్కింది. కత్తి ఒక్క గుంజు గుంజింది. లింగమూర్తి చెయ్యి దాని వెంటే పోయింది. నూలు దారం చెమటకు నాని నాని మెత్తబడి ఉండబట్టి పుటుక్కున తెగింది. దానికి కట్టిన పసుపుకొమ్ము ఎగిరిపోయి గోడకు తగిలింది. చెయ్యి వెనక్కి వచ్చింది. మణికట్టు మీద వేలెడు మేర తోలు లేచిపోయింది.

యంత్రం ఆగలేదు. కంప్యూటర్ చెప్పిన దారిన టేకు పలక మీద తామరరేకులు చెక్కుకుంటూ పోతూనే ఉంది.

పొట్టు ఊడ్చే సోమక్క చీపురు పారేసి ఉరికొచ్చి ఎర్ర బొత్తాన్ని అరచేత్తో గుద్దింది. కత్తి మూలుగుతూ నిలిచింది.

"సచ్చినవనుకున్న తమ్మీ!"

"ఎందుకు బంద్ చేసినవక్కా? దొర ఊకుంటడా?"

"మంచోనివే! నీ చెయ్యి పోతాంటె దొర తాన పర్మిషన్ తీస్కోవాల్నా నేను? ఇటు చాపు."

ఆమె అతని భుజం మీది తువ్వాలను లాగి మణికట్టుకు చుట్టింది. నెత్తురు గుడ్డలోంచి ఊరింది. లింగమూర్తికి నొప్పి ఇంకా తెలియలేదు. అతని చూపు ఆఫీసు గది తలుపు మీదే ఉంది.

ములుగు రోడ్డులో రాజేశ్వర్ రావు కట్టెకోత మిల్లుకు కంప్యూటర్ మిషన్ వచ్చి ఏడాది దాటింది. ఎక్కడో పరదేశంలో అరిగిన సరుకును బొంబాయిలో కొని తెచ్చాడు. దాని ముందు అద్దాల తలుపు ఉంటుంది. తలుపు తెరిస్తే కత్తి దానంతటదే ఆగుతుంది. నేర్పించడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన పోతూ పోతూ కూడా అదే చెప్పాడు. కత్తి ఆగందే చెయ్యి పెట్టొద్దు. చేతికి గడియారం, మెడలో తువ్వాల, వేలాడేది ఏదీ ఉండొద్దు. పని పొడుగైనకొద్దీ మనిషికి మబ్బు కమ్ముతుంది, అప్పుడే మరీ భద్రం.

మాటలు బాగానే ఉన్నాయి. పని వేరుగా ఉంది. గుడి తలుపు ఒక్క రెక్క చెక్కడానికి రోజుల తరబడి పడుతుంది. టేకు జిగురుకు పొట్టు ముద్దలు కట్టి, పీల్చుకునే గొట్టానికి అడ్డం పడుతుంది. పొట్టు తియ్యకపోతే కత్తి కాలి కట్టె నల్లబడుతుంది. తియ్యడానికి ఆపితే, మళ్లీ నడిచేటప్పుడు ముసలి యంత్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. పువ్వు మధ్యలో గీత పడుతుంది. అట్లా ఒక రెక్క పాడైన రోజు రాజేశ్వర్ రావు నెత్తి కొట్టుకున్నాడు. తలుపు తెరిచి ఉన్నా మూసినట్టే అనుకునేలా స్విచ్చులో చెక్కముక్క దూర్చమన్నాడు. ఆ ముక్కను చెక్కింది లింగమూర్తే. నున్నగా, ఇసుమంత సందు లేకుండా చెక్కాడు. పనితనం ఉన్న చెయ్యి పాడుపనిలో కూడా దాగదు.

ఇక కంకణం సంగతి. ఈ తలుపులు కేసముద్రం దిక్కు ఒక ఊరి గుడికి. దేవుని తలుపు చెక్కే వడ్లాయన చేతికి కంకణం ఉండాలని, తలుపు గుడికెక్కే దాకా అది తియ్యొద్దని ఆ ఊరి ఆచారం. ఉలి పట్టిన కాలంలో దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు చెక్కే చెయ్యే లేదు. మిషన్‌కే కడదామని మిల్లులో ఎవరో నవ్వులాటకు అన్నారు. ఊరి పెద్దలు నవ్వలేదు.

"మిషన్ నీసు మానుతదా? చాప మీద పంటదా? మనిషికే కట్టాలె," అన్నారు.

మిషన్ దగ్గర నిలబడే మనిషికి కట్టారు. పని మిషన్‌ది, నిష్ఠ లింగమూర్తిది.

రాజేశ్వర్ రావు చప్పుడు ఆగిన సంగతి పసిగట్టి రానే వచ్చాడు.

"ఎవలు బంద్ చేసిన్రు?"

"నేనే దొరా," అంది సోమక్క. "తమ్ముని చెయ్యి..."

అతను వినలేదు. తిన్నగా పలక దగ్గరికి పోయి వంగి, తామరరేకు మీద గోరుతో గీరి చూశాడు. కత్తి రేకు అంచున ఆగింది, పువ్వు చెడలేదు. తర్వాతే లింగమూర్తి వైపు తిరిగాడు. తువ్వాల చూశాడు. దాని కింద ఏం లేదో కూడా చూశాడు.

"కంకణమేది?"

"తెగింది దొరా."

"తెగిందా! ఇంత అపశకునమా! ఊరోళ్లకు తెలిస్తె తలుపులు దించుకుంటరా? చెయ్యికి సున్నం పెట్టు, ఆగుతది. ఎవలతోని అనకుండ్రి. గిర్మాజీపేటకు జీపు పంపుత, మొదలు కట్టిన మీ మామనే తీస్కొస్తరు. మల్ల కట్టిచ్చుకో."

అతను అటు పోగానే కరెంటు కూడా పోయింది. ఆ నిశ్శబ్దంలో లింగమూర్తికి నొప్పి తెలిసింది. మోచేతి దాకా సలిపింది. కట్టెదుంగ మీద కూర్చున్నాడు.

"దవాఖానకు పోరాదు? సూది ఏపిచ్చుకో," అంది సోమక్క.

"పోయి వచ్చెటాల్లకు ఇంకోన్ని పెడతడు."

"పెట్టనియ్యి. కొత్తోన్ని తెచ్చి పెట్టినట్టు నీకు కొత్త చెయ్యి తెచ్చి పెడతడా?"

అతనికి నవ్వు రాలేదు. ఈ పని పోతే ఉలి పట్టుకుని ఏ గడపకు పోవాలో అతనికి తెలియదు. ఉలి పని చేసే కొట్టాలన్నీ ఈ మిషన్ వచ్చాకే మూతపడ్డాయి. అందులో మామ వెంకటాచారి కొట్టం మొదటిది. ఒకప్పుడు రథాలు చెక్కిన మనిషి ఇప్పుడు మంచాల కోళ్లు చెక్కుతున్నాడు. అల్లుడు మిషన్ మీదికి పోయిన దినం నుంచి అవసరానికి మించి మాట్లాడడు.

జీపు దిగి వచ్చిన వెంకటాచారి అల్లుడిని పలకరించలేదు. ఇత్తడి పళ్లెంలో పసుపు కలిపి నూలు కండె తీశాడు.

"అది వద్దు చారీ," అన్నాడు రాజేశ్వర్ రావు. లారీ మీద దుంగలు బిగించే నైలాన్ తాడు నుంచి ఒక పోగు విప్పి ఇచ్చాడు. "గిది కట్టు. ఏనుగు గుంజినా తెగది."

వెంకటాచారి ఆ పోగును పసుపులో ముంచాడు. దానికి రంగు పట్టలేదు. పసుపు నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోయాయి. మళ్లీ ముంచాడు.

"మామా," అన్నాడు లింగమూర్తి, "నూలు గనుక తెగింది. తెగింది గనుక చెయ్యి దక్కింది. గిది తెగదు."

"నాకెందుకు చెప్తానవ్? నీ మిషన్‌కు చెప్పుకో. కట్టుమంటె కట్టుడు నా వంతు."

లింగమూర్తి లేచాడు.

"దొరా, స్విచ్చుల చెక్క తీపియ్యి. పొట్టు తీసినప్పుడల్లా ఆపుత. అప్పుడు నైలాన్ గాదు, ఇనుప గొలుసు కట్టినా కట్టిచ్చుకుంట."

"ఆపితె గీతలు పడ్తయి. గీతలు పడ్డ తలుపు ఎవడు కొంటడు?"

"అయితె కంకణం వద్దు."

"కంకణం లేని తలుపు ఎవడు ఒప్పుకుంటడు?"

"రెండిట్ల ఏదన్న ఒకటి ఇడువుండ్రి దొరా."

"రెండూ కావాలె. రోజుకు ముప్పై అయిదు రూపాయలు నిన్ను సూడనీకి ఇస్తాన్ననుకున్నవా? చెయ్యి చాపు."

వెంకటాచారి పోగు రెండు కొసలు పట్టుకుని నిలబడ్డాడు. కింద నైలాన్ ఉచ్చులాగా వంగింది. లింగమూర్తి తువ్వాల చుట్టిన చెయ్యిని ఛాతీకి ఆనించుకున్నాడు.

"చాపను."

మాట గట్టిగా రాలేదు. అయినా చుట్టూ ఉన్న కూలీలందరికీ వినిపించింది. రంపం దగ్గరి ఇద్దరు తలలెత్తారు.

"ఏమన్నవ్?"

"చాపను దొరా."

రాజేశ్వర్ రావు నవ్వాడు. కోపం వచ్చినప్పుడు ముందు నవ్వడం అతని అలవాటు.

"వడ్లోళ్లు కరువైన్రా వరంగల్ల? చారీ, ఇంకోన్ని చూడు."

"ఉన్నరు దొరా. గాని మిషన్ ఎవలకు రాదు."

"నేర్పిస్త. పని ఆగద్దు. అందాక నువ్వే కట్టుకో, నువ్వూ వడ్లాయనవే గద. చూస్త నిలబడుడు, పొట్టు తీసుడు. ఏం కష్టం?"

వెంకటాచారి చేతుల్లో పోగు కదలలేదు. అతను కత్తి వైపు చూశాడు. తెగిన నూలు ఇంకా దానికి చుట్టుకునే ఉంది, అక్కడక్కడ ఎర్రగా. జీపు దిగినప్పటి నుంచి మొదటిసారి అల్లుని మణికట్టు వైపు చూశాడు. తర్వాత తన మణికట్టు చూసుకున్నాడు. నైలాన్ పోగును మెల్లగా పళ్లెంలో పెట్టి రెండు చేతులూ కండువా కిందికి పోనిచ్చాడు.

సోమక్క ఊకోలేదు. "ఏందే పెద్దాయనా, కట్టనీకి లేచిన చేతులు కట్టుకోమనంగనె ఎటు పోయినయ్?"

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. వెంకటాచారి తల దించుకున్నాడు గాని చేతులు బయటికి తియ్యలేదు.

అంతలో కరెంటు వచ్చింది. పైన ఫ్యాన్ కిర్రుమంది. మిషన్ తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఆరుతూ వెలుగుతూ, బొత్తం నొక్కమని అడుగుతున్నాయి.

రాజేశ్వర్ రావు పళ్లెంలోంచి నైలాన్ పోగును తానే ఎత్తుకున్నాడు. లింగమూర్తిని చూశాడు. రంపం దగ్గరి ఇద్దరినీ చూశాడు. వాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"సోమక్కా, బొత్తం నొక్కు."

సోమక్క పొట్టు గంప ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ మోచేతుల దాకా పొట్టులో దించి కుక్కుతోంది. గంప ఎప్పుడో నిండింది. ఆమె ఇంకా కుక్కుతూనే ఉంది.