అందరొచ్చిన్రు

దేవరయాంజాల్ సీతారామస్వామి గుడిలో శనివారాలు భజన చేసే ఆడవాళ్లను సముద్రం ఒడ్డు గుళ్లకు తీసుకుపోవాలన్న ఆలోచన వినోదది. ఊళ్లో ఆమె జాకెట్లు కుడుతుంది. మిషన్ తొక్కుతూనే ఫోన్‌లో మేడ్చల్ ఎల్లేష్ మినీ బస్సు మాట్లాడింది, ఇరవై ముగ్గురి పేర్లు రాసుకుంది. ఆదివారం తెల్లవారేసరికి మోపిదేవి, అక్కణ్ణుంచి హంసలదీవి, సముద్ర స్నానం, తిరుగుదారిలో చిలకలపూడి పాండురంగడు. అంతా ఒక్క రోజులో అయిపోవాలి.

ఆ ఇరవై ముగ్గురిలో బాలమణి ఉంది. షామీర్‌పేట చౌరస్తాలో ఆకుకూరలు అమ్ముతుంది. అరవై దాటింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. భజనలో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. మామూలు మాట కూడా అంతే గట్టిగా మాట్లాడుతుంది. సముద్రం ఎన్నడూ చూడలేదు. బస్సు ఎక్కినప్పటి నుంచి, "సముద్రం కాడికి ఎప్పుడు పోతం చెల్లె?" అని వినోదను పదిసార్లు అడిగింది.

మోపిదేవిలో పుట్టలో పాలు పోసి, దర్శనం చేసుకుని, గుడి బయట అందరూ ఇడ్లీలకు కూర్చున్నారు. వినోద ప్లేట్లు అందిస్తోంది.

"వినోదా, నీ బిడ్డ శృతి ఇగ అత్తగారింటికి పోదటగా?" అంది బాలమణి.

వినోద చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. శృతి వచ్చి నాలుగు నెలలయింది. బ్యాంకు పరీక్షకు కోచింగ్ తీసుకుంటోందని వినోద అందరికీ చెబుతూ వచ్చింది.

"ఎవలు చెప్పిన్రు?"

"ఆ పిల్లనే చెప్పింది. మొన్న చౌరస్తాల బస్సు కోసం నిలవడ్డది. ఇగ నేను పోను పెద్దమ్మా అన్నది. పోకుంటేనే మంచిది తియ్యి. చెయ్యి జేసుకునేటోని కాడ ఏముంటది?"

అందరూ తినడం ఆపి వినోద వైపు చూశారు. భజనలో తాళాలు వేసే ఇందిరమ్మ మాత్రం, "చట్నీ ఇంకింత ఎయ్యి వినోదా," అని మాట మార్చింది. ఆ జాలి వినోదకు మరీ గుచ్చుకుంది. బాలమణి మాత్రం తనేదో మంచి మాట అన్నట్టు రెండో ఇడ్లీ తుంచుకుంటోంది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం అయ్యేదాకా వినోద ఎవరి కళ్లలోకీ చూడలేదు. అక్కడి సాగర సంగమంలో మునిగిన కాకి హంస అయిందట అని పూజారి చెబుతుంటే అందరూ దండం పెట్టుకున్నారు. ఆమె చెవికి ఏదీ ఎక్కలేదు. "చెయ్యి జేసుకునేటోని కాడ" అన్న మాటే తిరుగుతోంది. ఇంటికి పోయేలోపు ఈ ఇరవై మందీ ఇరవై ఇళ్లలో చెబుతారు.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట బాలమణి నీళ్లలోంచి రానంది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా అరిచింది. అందరూ చీరలు మార్చుకుని బస్సెక్కుతుంటే, ఆమె తడి చీరతో, చేతిలో పొడి చీరతో వచ్చింది. చెప్పులూ ఫోనూ ఉన్న సంచి సీటు మీదే ఉంది.

"ఐదు నిమిషాలు చెల్లె. ఆ గుడిసె ఎనక చీర మార్చుకొనొస్త. జర ఆపు బస్సు."

"పో అక్కా," అంది వినోద.

ఎల్లేష్ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "లేటయితాంది అక్కా, చిలకలపూడిల గుడి మూసేస్తరు. అందరొచ్చిన్రా?"

వినోద బస్సు లోపలికి చూసింది. మూడో వరసలో కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది. సీటు మీద బాలమణి సంచి కనిపిస్తూనే ఉంది.

"అందరొచ్చిన్రు. పోనీ," అంది.

కాస్త దూరం పోయాక ఆపిద్దామనుకుంది. నడిరోడ్డు మీద పది నిమిషాలు పరేషాన్ అయితే నోరు అదుపులో పెట్టుకుంటుందిలే అనుకుంది. కానీ బస్సు గుడి దాటింది, రొయ్యల చెరువులు దాటింది. ఇప్పుడు ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ నోరు విప్పడం కష్టమైపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని ముందు అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

కోడూరు దాటాక ఇందిరమ్మ పులిహోర పంచుతూ మూడో వరస దగ్గర ఆగిపోయింది.

"అయ్యో! బాలమణి ఏది?"

బస్సంతా గోల. ఎల్లేష్ బ్రేకు తొక్కాడు. "నువ్వు చూసుకోలేదా అక్కా?"

"ఎనక సీట్ల ఉన్నదనుకున్న," అంది వినోద. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే భయమేసింది. "తిప్పు ఎల్లేష్, జల్దీ తిప్పు!"

ఫాల్గుణ మాసం ఎండ. మిట్టమధ్యాహ్నం. సముద్రం ఒడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే బాలమణి కనిపించింది. తడి చీర మూటగట్టి నెత్తిన పెట్టుకుని, ఉత్త కాళ్లతో తారు రోడ్డు మీద నడిచి వస్తోంది. రెండడుగులు వేసి పక్కనున్న గడ్డి మీదకు దిగుతోంది, ముళ్లు గుచ్చుకుంటే మళ్లీ తారు మీదకు ఎక్కుతోంది. బస్సు చూడగానే నిలబడిపోయింది. అందరూ దిగి చుట్టూ మూగితే ఆమె చేతులు జోడించింది.

"నాతోనే లేటయింది. ఏమనుకోకున్రి. నేను లేటు జేసిన."

కాళ్లు కడిగితే అరికాళ్ల నిండా బొబ్బలు. వినోద ఆ కాళ్లను తన ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేసింది. ఆరకముందే మళ్లీ తడిపి వేసింది.

"నువ్వు మస్తు భయపడ్డట్టున్నవ్ బిడ్డా," అంది బాలమణి, ఆమె తల మీద చెయ్యి వేసి.

చిలకలపూడిలో గుడి మళ్లీ సాయంత్రం తెరిచేదాకా ఆగారు. అక్కడ పాండురంగడి పాదాలకు తల ఆనించి మొక్కే వీలుంది. అందరూ మొక్కారు. వినోద వంతు వచ్చింది. వంగలేక పక్కకు తప్పుకుంది.

తరువాత పది రోజులు బాలమణి చౌరస్తాకు పోలేకపోయింది. వినోద రోజూ అన్నం తీసుకుపోయింది, మందు రాసింది. బాలమణి వచ్చినవాళ్లందరికీ ఆ కథే చెప్పింది. "వినోద బస్సు తిప్పిచ్చింది. లేకుంటే నేను సముద్రం పాలే." ఊళ్లో వాళ్లు వినోదను మెచ్చుకున్నారు. శృతి కూడా, "మంచి పని జేసినవమ్మా," అంది. ఆ పూట వినోద కుట్టిన జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపువి పడ్డాయి. విప్పి మళ్లీ కుట్టింది.

బాలమణి తిరిగి చౌరస్తాలో కూర్చున్న రోజు వినోద షామీర్‌పేట పోయింది. తోటకూర, పాలకూర, పుదీన కట్టల వెనక బాలమణి చెప్పులేసుకునే కూర్చుంది. వినోద ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అక్కా, ఆ దినం నువ్వు ఎక్కలేదని నాకు ఎర్కనే. ఎల్లేష్ అడిగిండు. తెలిసే, అందరొచ్చిన్రు అన్న."

బాలమణి అర్థం కానట్టు చూసింది. "ఎందుకు?"

"నా బిడ్డ సంగతి అందరి ముంగట అంటివని."

"నేనన్నది అబద్ధమా?"

"కాదక్కా. నిజమే."

అంతలో ఒకామె వచ్చి పుదీన అడిగింది. బాలమణి రెండు కట్టలు తీసి, నీళ్లు దులిపి, ఆమె సంచిలో వేసింది. ఆమె పోయేదాకా వినోద వైపు చూడలేదు. తరువాత కూడా కింద పరిచిన గోనెసంచినే చూస్తూ మాట్లాడింది. మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వినిపించింది.

"బస్సు పొయ్యేది నేను జూసిన. ఉరికిన. ఉరుక్కుంటనే ఏమనుకున్ననో తెల్సా? వినోద ఉన్నది, జూసుకుంటది, మళ్లొస్తది అనుకున్న. గా ఒక్క మాట పట్టుకునే నడిసిన."

వినోదకు ఏడుపు వచ్చింది. "కొట్టక్కా నన్ను. తిట్టు."

"ఎందుకు తిట్టాలె? పో. ఇయ్యాల నా ముంగట కూసోకు. పో."

ఆ శనివారం బాలమణి భజనకు రాలేదు. కాళ్లు ఇంకా నొస్తున్నాయేమో అన్నారు ఎవరో. వినోద లేచి నిలబడింది.

"కాళ్లు కాదు. నా వల్లనే రాలేదు," అంది. సంగతంతా చెప్పింది. శృతి మొగుడు కొడితే వచ్చేసిందనీ, కోచింగ్ అబద్ధమనీ, బాలమణి నిజం అన్నందుకు ఆమెను ఎండలో వదిలేశాననీ. చెప్పడం అయ్యాక ఇందిరమ్మ తాళాలు తీసుకుని, వినోద వైపు చూడకుండానే పాట ఎత్తుకుంది. యాత్రలకు పేర్లు రాసే పుస్తకం ఆ రోజు నుంచి ఇందిరమ్మ దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు, వినోదే ఇచ్చేసింది.

మూడు శనివారాలు పోయాక బాలమణి వచ్చింది. కొంచెం కుంటుతూ నడిచి, ఇందిరమ్మ పక్కన కూర్చుంది. వినోద అందరికంటే వెనక, గోడ పక్కన శృతితో కూర్చుంది. బాలమణి గొంతు మళ్లీ అందరినీ మించి లేచింది. ప్రసాదం తీసుకుని పోతూ ఆమె శృతి దగ్గర ఆగింది.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? చౌరస్తాకు వస్తే మాట్లాడిపో."

వినోద పక్కనే నిలబడి ఉంది. బాలమణి ఆమెను దాటుకుని పోయింది. మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని, గేటు వైపు నడిచింది. వినోద పిలవలేదు. ఆమె గేటు దాటేదాకా అలాగే నిలబడింది.