ఖాళీ తొట్టి

పురుగుమందుల గోదాములో డ్రమ్ములు పగిలి, మందులో తడిసిన కూలీలను ఆసుపత్రికి తెచ్చారు. లోపలికి తీసుకెళ్లే ముందు పెరట్లో షవర్ల కింద నిలబెట్టి ఒళ్లు కడగాలి. ఆ కడిగిన నీళ్లూ విషమే. కాలవలో కలవనీయకుండా నేలతొట్టిలో పట్టి ట్యాంకర్లో పంపాలి. ఆ తొట్టినీ దాని వాల్వునీ చూసుకోవడం ప్లంబరు పని.

అతను మూత తీసి చూశాడు. తొట్టి అప్పటికే సగం పైగా నిండి ఉంది. లాండ్రీ గొట్టం పూడుకుపోయిందని దుప్పట్లు ఉతికిన నీళ్లన్నీ ఇందులోకే వదులుతున్నారు. ఆపదకని ఖాళీగా ఉంచిన తొట్టిని, ఖాళీగానే ఉంది కదా అని నింపేశారు మహానుభావులు! వద్దని ప్లంబరు మొత్తుకుంటే సూపరింటెండెంటుగారు చూద్దాంలే అన్నారు. ఇప్పుడు చూడమనండి.

ఇంకా కొందరు మిగిలుండగానే నీళ్లు అంచుకొచ్చాయి. ఇల్లు అంటుకున్నాక నుయ్యి తవ్వినట్టు అప్పుడు ట్యాంకరుకి ఫోన్ చేశారు. షవరు కింద ఒకామెకు నోట్లోంచి నురగ వస్తోంది, కడగడం ఆపితే దక్కదని నర్సు చెప్పింది. వాల్వు తిప్పితే నీళ్లు కాలవలోకి పోతాయి. ఆ కాలవ మూతల్లేకుండా ప్లంబరు ఇంటి ముందునుంచే పారుతుంది. సెలవు రోజు, వీధి పిల్లలంతా అందులోనే ఆడుతుంటారు.

సూపరింటెండెంటు తిప్పెయ్యమన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందనీ, మాట బయటికి పొక్కితే ఉద్యోగం ఉండదనీ కూడా అన్నాడు.

ప్లంబరు వాల్వు తిప్పాడు. గోడ చాటుకి పోయి పెళ్లానికి ఫోన్ చేశాడు. మన పిల్లల్ని లోపల పెట్టి తలుపెయ్యి, ఎవరితోనూ అనకు అన్నాడు.

ఆమె వెంటనే అడిగింది. "ఎదురింటి వదిన పిల్లలూ అక్కడే ఉన్నారు. వాళ్లకేం చెప్పను?"

కాళ్లరిగేలా తిరిగితే పర్మనెంటయిన ఉద్యోగం. పాడు ఉద్యోగం.

"అందర్నీ పిలు. ఎవరు చెప్పారంటే నా పేరే చెప్పు."

"మరి ఉద్యోగం?"

"ముందు పిలవ్వే."

ఫోన్ చేతిలో ఉండగానే ఆమె వీధిలోకి పరిగెత్తింది. పేరుపేరునా పిల్లల్ని కేకేస్తోంది, ఒక్కొక్కరే పలుకుతున్నారు. తమ చిన్నవాణ్ణి మాత్రం మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది.

ప్లంబరు పరుగున వచ్చి, మూసేద్దామని వాల్వు మీద చెయ్యేశాడు. షవరు కింద నోట్లోంచి నురగ వస్తున్న ఆ మనిషిని నర్సు ఇంకా కడుగుతూనే ఉంది. అతను తిప్పలేకపోయాడు.