ఫోనుకి అవతలి మనిషి

"హలో... ఆఁ, చెప్పండి సార్... వినబడుతోందండీ, కానివ్వండి..."

హాలు తుడుస్తున్న పనావిడ ఆ మాటలకి తలైనా ఎత్తలేదు. కాళ్ళు తియ్యమని చీపురుతోనే సైగ చేసింది. హలోగారు ఫోను చెవినుంచి దించకుండానే రెండు కాళ్ళూ పైకెత్తి, ఆవిడ అటు వెళ్ళాక మళ్ళీ దించాడు. ఫోను పాడైందేమీ కాదు. తీగ నిక్షేపంలా గోడలోకి వెళ్ళింది. నంబరు నొక్కకుండా మాట్లాడటమే ఆయన ఉద్యోగం. వేలం ఉన్న రోజున గొంతు జీరపోకుండా ఉండాలని పొద్దున్నే కాసేపు ఇలా సాధన చేసుకుంటాడు.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతాలిచ్చే గుమస్తాకి తప్ప అదెవరికీ గుర్తులేదు, మిగతా అందరికీ హలోగారే. పొట్టి మనిషి. పలచబడ్డ జుట్టుని నీళ్ళతో అణిచి దువ్వుతాడు. ఎడమచెవి నలిగి నలిగి కుడిచెవి కంటే ఎర్రగా ఉంటుంది. నవ్వితే ముఖమంతా నవ్వుతుంది గానీ, అది ఎప్పుడోగానీ జరగదు. వీధిలో పక్కన నడుస్తూ పోతే గమనించరు, బస్సులో కాలు తొక్కితే తనే క్షమించమంటాడు. అలాంటి మనిషి వేలం హాల్లో చెయ్యెత్తితే మాత్రం డబ్బున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తారు.

అక్కడ అమ్మేవి పాత బొమ్మల కథల పుస్తకాల అసలు పేజీలు. అచ్చుకి పోకముందు చిత్రకారుడు అట్టమీద నల్లసిరాతో చేత్తో గీసినవన్నమాట. ఒకప్పుడు ప్రెస్సువాళ్ళు వాటిమీద టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళట! ఇప్పుడు వాటికోసం కార్లేసుకుని వస్తున్నారు. పిలుపు అందినవాళ్ళకే ప్రవేశం. ప్రతి వేలానికి ముందూ యజమాని బల్ల వెనక నిలబడి, "మా దగ్గర దాపరికం లేదు. ఏం జరిగినా మీ కళ్ళముందే జరుగుతుంది" అని రెండు చేతులూ చాపి చూపిస్తాడు. చేతుల్లో నిజంగానే ఏమీ ఉండదు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుంటే హలోగారు చెయ్యెత్తాలి. మళ్ళీ ముక్కు మీదకి దించుకుంటే ఆపాలి. ఇంతే కిటుకు. ఫోనులో ఎక్కడో దూరాన ఉన్న ఓ పెద్దమనిషి పాడుతున్నాడని హాలంతా అనుకుంటుంది.

హలోగారు అసలు చేరింది పేజీలని కాగితాల్లో చుట్టే పనికి. గొంతు మర్యాదగా ఉందనీ, ముఖం చూస్తే ఎవరికీ అనుమానం రాదనీ యజమాని ఆయనకి ఓ కోటు తొడిగి ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. "పెదాలు కదులుతూ ఉండాలి, ఊరికే చెవికి పెట్టుకుంటే దొరికిపోతాం" అన్నాడు. మొదట్లో ఎక్కాలు చదివేవాడు. ఎక్కాలు ఎన్నాళ్ళని చదువుతాడు? మెల్లగా ఇంటిమాటలు మొదలుపెట్టాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ ఉత్తుత్తి ఫోనులో భార్యతో మాట్లాడటం మరిగాడు. నిన్న నీమీద విసుక్కున్నాను, తప్పు నాదే. మోకాలు నొప్పి తగ్గిందా? ఆ నీలంరంగు చీరలో బాగున్నావని చెబుదామనుకున్నాను, నీ వెనక మీ అమ్మ నిలబడి ఉంది. ఇలా ఒకటా రెండా! పైకి చూస్తే కోట్ల బేరం నడుస్తున్నట్టు ఉండేది.

దీనివల్ల ఇంట్లో వచ్చిన చిక్కు ఇంకెవరికీ వచ్చి ఉండదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి చెప్పాల్సినవన్నీ చెప్పేశానన్న తృప్తితో నోరు మూసుకుని కూర్చునేవాడు. ఓసారి చెల్లెలు పిల్లల్తో సహా వారం రోజులు ఉండటానికి దిగింది. ఇంట్లో వండటానికి సరుకుల్లేవు. "చెప్పాను కదే!" అన్నాడు. "ఎప్పుడు చెప్పారు? ఎవరితో చెప్పారు?" అని భార్య నిలదీసింది. ఆ రోజునించి ఆవిడ "మా ఆయనకి నోట్లో నాలుక లేదు, ఆఫీసులో ఫోను డ్యూటీ ఎలా చేస్తాడో ఏమో" అని చుట్టాలందరి దగ్గరా వాపోవడం మొదలుపెట్టింది. ఆయన్ని చూస్తే జాలీ కోపమూ కలిసి వచ్చేవి పాపం ఆవిడకి.

మానెయ్యాలని అనుకోలేదా అంటే, అనుకున్నాడు. ఒకసారి ధైర్యం కూడగట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళి, ఈ పని నావల్ల కాదు సార్, మళ్ళీ కాగితాలు చుట్టే పనిలో వెయ్యండి అన్నాడు. యజమాని కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, "పిచ్చివాడా, నేను ఏనాడైనా పాట పాడానా? ఇన్నేళ్ళూ చెయ్యెత్తింది ఎవరు? అందరూ చూసింది ఎవర్ని?" అన్నాడు. హలోగారు ఆ మంచినీళ్ళు తాగి, వచ్చి, మళ్ళీ ఫోను దగ్గరే కూర్చున్నాడు. ఇక అప్పట్నుంచీ కుక్కిన పేనే.

వేలం మధ్యాహ్నం. దానికి ముందు వచ్చినవాళ్ళు పేజీలని దగ్గరగా చూసుకోవచ్చు. ఆ రోజు అందరికంటే ముందు ఒకావిడ వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ అని వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది, చూపుడువేలి కొసన సూది పోట్లు నల్లగా మచ్చలు కట్టి ఉన్నాయి. గాజుపలక వెనక ఉన్న ఒక్క పేజీ ముందే నిలబడిపోయింది. అందులో ఓ దొంగా వాడి గాడిదా. ఊరంతా తరుముతుంటే దొంగ ఏ మూట ముందు విప్పాలా అని ఆలోచిస్తుంటాడు, గాడిద విసుక్కుంటుంది.

"అన్నయ్యా, కాస్త ఆ దీపం ఇటు తిప్పుతారా?" అంది.

హలోగారు తిప్పాడు.

"బొమ్మలు గీసినాయన పెద్ద పేరున్న మనిషి. బుడగల్లో మాటలు రాసింది మా ఆయన. పుస్తకాల్లో పేరు వెయ్యలేదు లెండి. అప్పట్లో అక్షరాలు రాసేవాళ్ళకి ఎవరు వేశారు?" గాజుమీద వేలు ఆనించకుండా చూపించింది. "ఈ చివరి బుడగ చూడండి. 'ఇక చాలు, ఇంటికి పోదాం పద.' ఆ చివరి 'ద' తోక పైకి పోతుంది చూశారా? నవ్వుకుంటూ రాస్తే అలా పోయేది. ఊళ్ళోవాళ్ళందరి మాటలూ రాసిపెట్టాడు గానీ నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఒకే ఇంట్లో ఉంటే ఉత్తరం ఏం రాస్తాడు? పోయాక వెతికితే ఇంట్లో ఆయన చేతిరాత ఎక్కడా లేదన్నయ్యా."

అవునమ్మా అన్నాడు హలోగారు.

"షాపు అమ్మేశాను. ఎలాగూ కళ్ళు కనబడట్లేదు." ఆవిడ అటూ ఇటూ చూసి, తనెంతదాకా పాడగలదో ఆయన చెవిలో చెప్పేసింది. అంతకి మించి చిల్లిగవ్వ లేదంది. "సరిపోతుందంటారా? ఇక్కడ అంతా సవ్యంగానే జరుగుతుందిగా?"

ఆ మొత్తానికి అలాంటి పేజీలు నాలుగు వస్తాయి. ఫోను లేకపోతే.

"అంతా మీ కళ్ళముందే జరుగుతుందమ్మా" అన్నాడు హలోగారు. అనేశాక తన నోరు తనకే అసహ్యం వేసింది. ఆవిడ మాత్రం గుండెలమీంచి బరువు దిగినట్టు నవ్వింది.

తర్వాత యజమాని పిలిచాడు. "ఆ గాడిద పేజీని వదలొద్దు. ఇలాంటివి బీరువాలో ఇంకో కట్ట ఉన్నాయి. ఇదెంతకి పోతే అవీ అంతకి పోతాయి. ఫోనుకి పడ్డా మనకి నష్టం లేదు, తిరిగి బీరువాలోకే వస్తుంది. నేను కళ్ళద్దాలు దించేదాకా ఎత్తుతూనే ఉండు."

"సార్, ఆవిడ ఆ అక్షరాలు రాసినాయన భార్యట..."

"మరి! అందుకేగా పిలిపించాను. అలాంటివాళ్ళు అంత తొందరగా వదిలిపెట్టరు."

మధ్యాహ్నం హాలు నిండింది. గాడిద పేజీ వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు ఊరికే చెయ్యెత్తి దించేశారు. మిగిలింది ఆవిడా, ఫోనూ. ఆవిడ తన అంకె రాసిన అట్టముక్కని బడిపిల్లలా నిటారుగా ఎత్తింది. యజమాని కళ్ళద్దాలు నుదుటి మీదికి పోయాయి. హలోగారు కుడిచెయ్యెత్తాడు. ఆవిడ ఎత్తింది. ఆయన ఎత్తాడు. పెదాలు కదులుతున్నాయి గానీ ఆ రోజు ఫోనులో ఇంటిమాటలు రాలేదు. వదిలెయ్యమ్మా, వదిలెయ్యి, తల్లీ, నీకు దణ్ణం పెడతాను వదిలెయ్యి అని అదే గొణుగుతున్నాడు. ఆవిడకెలా వినబడుతుంది? రేటు పెరిగినకొద్దీ ఆవిడ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. సగం దాటింది. ముప్పాతిక దాటింది. చివరికి పొద్దున చెవిలో చెప్పిన మాట దగ్గరికే వచ్చింది. అట్టముక్క ఈసారి రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తింది. ఇంకొక్కసారి హలోగారు చెయ్యెత్తితే ఆ పేజీ బీరువాలోకి పోతుంది.

కళ్ళద్దాలు నుదుటిమీదే ఉన్నాయి.

హలోగారికి చెయ్యి లేవలేదు. దించి ఉంచే ధైర్యమూ లేదు. హాలంతా తనవంకే చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక నోటికొచ్చింది అనేశాడు.

"లైను తెగిపోయిందండీ."

గుసగుసలు లేచాయి. ఆవిడదే అని సుత్తి కొట్టెయ్యాలి మామూలుగా. యజమాని ఏమాత్రం తొణక్కుండా చిరునవ్వు నవ్వాడు. "దూరంగా ఉన్నంత మాత్రాన ఒకరికి అన్యాయం జరగకూడదు. అందరికీ సమానంగా అవకాశం ఇవ్వడం మా పద్ధతి. మళ్ళీ కలిపి అడుగు."

తలలన్నీ బాగుంది బాగుంది అన్నట్టు ఊగాయి. ముందు వరసలోంచి ఆవిడ వెనక్కి తిరిగింది. చెమటతో ముఖం జిడ్డుగా ఉంది.

"పర్వాలేదన్నయ్యా, తొందరపడకండి. ఆగుదాం. ఆయనెవరో ఆయనా ఇష్టపడే కదా పాడుతున్నాడు, పాపం!"

అంతమంది చూస్తుండగా ఏదో ఒక నంబరు నొక్కాలి. హలోగారికి నోటికొచ్చిన నంబరు ఒక్కటే. అవతల మోగింది. ఇన్నేళ్ళలో ఆ ఫోను అవతల మోగడం అదే మొదలు.

"ఎవరూ?" అంది భార్య.

"నేనే."

"ఏమండీ! ఈ వేళప్పుడేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అలవాటు ఇప్పుడు పనికొచ్చింది. "ఇక్కడ ఒకావిడ చచ్చిపోయిన మొగుడి చేతిరాత కొనుక్కుందామని వచ్చింది. ఉన్న షాపు అమ్ముకుని వచ్చింది. నేను పోటీగా పాడుతున్నాను. కొనేవాళ్ళెవరూ నాకు చెప్పలేదు, ఫోనులో ఎవరూ లేరు. ఎప్పుడూ ఎవరూ లేరు. ఇదే నా పని. ఇంకొక్కసారి చెయ్యెత్తమంటున్నారు. ఎత్తకపోతే ఉద్యోగం పోతుంది."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఈ పనా చేస్తున్నారు?"

"ఊఁ."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెప్పాను. రోజూ చెప్పాను. నీకు వినబడేలా చెప్పలేదు."

యజమాని దగ్గాడు. "ఏమంటున్నారు మీ పార్టీ?"

ఫోనులో భార్య గొంతులో ఉన్నది కోపమో ఏడుపో తెలీలేదు. "పోతే పోయింది వెధవ ఉద్యోగం. ఎత్తకండి. వింటున్నారా? ఎత్తొద్దు."

హలోగారు తలెత్తాడు. "వద్దంటున్నారండీ" అన్నాడు. అన్నేళ్ళలో ఆ హాల్లో ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

యజమాని ఒక్క క్షణం ఆయన్నే చూశాడు. తర్వాత కళ్ళద్దాలు ముక్కుమీదకి దించుకుని సుత్తి కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫోనులో భార్య "ఏంటా చప్పుడు?" అంటోంది. "అయిపోయిందే" అని, ఫోను పెట్టేశాడు.

సాయంత్రం డబ్బు కట్టేసి, చుట్టిన పేజీని పసిపిల్లలా ఎత్తుకుని ఆవిడ ఆయన దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, ఆ ఫోనులో ఆయనకి నా తరఫున చెప్పండి. చివరికి నామీద దయతలిచి వదిలేశాడు. ఆయన గనక ఇంకో మాట పాడి ఉంటే నా గతేం కాను?"

నీ డబ్బులో ముప్పాతిక వంతు తిన్నది ఆ ఫోనేనమ్మా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూశాడు. పోయిన మొగుడు ఇంటికి తిరిగొస్తున్నంత సంబరంగా ఉంది. చెప్తే ఆ సంబరం ఏమవుతుంది? చెప్పకపోతే తనేమవుతాడు?

"చెప్తానమ్మా" అన్నాడు. అలా ఆఖరిరోజున కూడా అబద్ధమే ఆడాడు. ఆవిడ మెట్లు దిగి, ఒక్కో మెట్టు తడుముకుంటూ, వీధిలో కలిసిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక యజమాని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కేకలెయ్యలేదు.

"ఎవరికి చేశావు ఫోను?"

"ఇంటికి సార్."

యజమాని కాసేపు నవ్వాడు. "రేపట్నుంచి రాకు. కోటు మనది, ఇచ్చేసి వెళ్ళు. రేపు వచ్చేవాడికి సరిపోతుంది."

హలోగారు కోటు విప్పి, దులిపి, కుర్చీకి తగిలించాడు. చొక్కాతో ఇంకా చిన్నగా కనిపించాడు. దీపాలార్పుతున్న పనావిడకి దారిచ్చి, బయటికి వెళ్ళిపోయాడు. కుర్చీమీద వేలాడుతున్న ఆ కోటుకి కుడిచంకలో కుట్టు ఎన్నిసార్లు ఊడిందో, ఎన్ని రంగుల దారాలతో ఆయన భార్య మళ్ళీ మళ్ళీ కుట్టిందో. ఎడమచంక కుట్టు మాత్రం కొత్తదిలాగే ఉంది.