గాలిమోటరు ఈక

పక్షి నీడ పసిబిడ్డ మీద పడగూడదు. పొద్దుగూకే వేళ పిల్లల బట్టలు దండెం మీద ఉంచగూడదు. ఉంచితే ఎగిరే పిట్ట దోషం బట్టకు అంటుతుంది, బట్ట నుంచి బిడ్డకు అంటుతుంది, బిడ్డ పుల్లలాగ ఎండిపోతుంది. ఆదిలాబాదు సాలోళ్ల వాడలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. బాలలక్ష్మికైతే ధర్మపురి నుంచి అత్తగారింటికి వచ్చేటప్పుడే తల్లి చెప్పి పంపింది. అందుకే నర్మద పుట్టినప్పటి నుంచి ఆమె ఆకాశానికి భయపడుతూ బతికింది. కాకి అరిస్తే కొంగు కప్పేది. గద్ద తిరిగితే బిడ్డను ఎత్తుకుని లోపలికి ఉరికేది. గాలిమోటరుకు కూడా భయపడాలని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె పెనిమిటి అంబదాసు పత్తి మిల్లులో ఫిట్టరు. జర్మన్ లడాయి నాడు, మీసాలు మొలవని వయసులో, ఊరి బయట గాలిమోటర్లు దిగే విమానాల మైదానంలో పెట్రోలు పీపాలు దొర్లించే కూలికి పోయాడు. అక్కడ దిగిన బాంబు విమానం ఒకటి, లిబరేటరు దాని పేరు, అతని మనసును ఎత్తుకుపోయింది. లడాయి అయిపోయింది. తెల్లవాళ్లు పోయారు. నిజాము రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మైదానంలో మేకలు మేస్తున్నాయి. అంబదాసు తలలో మాత్రం ఆ నాలుగు ఇంజన్లు ఆగలేదు.

అన్నం ముందు కూర్చుంటే అదే ముచ్చట.

"లేచేటప్పుడు బద్ధకం దానికి. నిండు చూలాలి లెక్క ఆయాసపడుకుంట లేస్తది. ఒక్కపారి మీదికి పోయి, ముక్కు జరంత కిందికి వంచి, రెక్కను గాలి మీద కూసోబెట్టినవా, ఇగ నూనె మీద జారినట్టే. రెక్క సన్నగ, పొడుగ్గ ఉంటది జూడు, అందుకే సముద్రాలు దాటుతది. కడుపు తలుపులు ఎట్ల తెరుచుకుంటయి ఎరుకేనా? సేటు దుకాణం షట్టరు లెక్క, గర్రున మీదికి పోతయి."

"పులుసు పోయాల్నా?" అనేది బాలలక్ష్మి.

"ఒక ఇంజను ఆగితె ఫికర్ లేదు. ఒక్క దిక్కే రెండు ఆగినయనుకో..."

"పులుసు సల్లారుతుంది."

అత్త శంకరవ్వ మూలన కూర్చుని నవ్వేది. "వాని మొదటి పెండ్లాం గా గాలిమోటరే బిడ్డా. నువ్వు సవితివి. సవితి పెట్టిన పులుసు రుచి తెలుస్తదా వానికి?"

తెల్లవాళ్లు పోతూ పోతూ వందల లిబరేటర్లను కాన్పూరు దగ్గర పగలగొట్టి, ఇంజన్లలో ఇసుక పోసి పోయారట. మన మిస్త్రీలు వాటినే అతికి, తుడిచి, మళ్లీ లేపారట. ఆ మాట చెప్పేటప్పుడు అంబదాసు కండ్లలో నీళ్లు తిరిగేవి. నర్మదను కనేటప్పుడు ఆమె రెండు దినాలు నొప్పులు పడింది. అప్పుడు ఆ కండ్లు తడి కాలేదు. ఆ సంగతి బాలలక్ష్మి ఎవరితోనూ అనలేదు కానీ మరిచిపోనూ లేదు.

ఆ ఎండాకాలం మిలిటరీవాళ్లు జీపుల్లో వచ్చి మైదానంలో గడ్డి కోయించి, నడుమ తెల్లగుడ్డలు పరిచారు. పుణె నుంచి ఆ లిబరేటరే ఒకటి వచ్చి, దిగకుండానే, పైనుంచి మూటలు వేసే కసరత్తు చేస్తుందట. అంబదాసు మిల్లుకు పోవడం మానేశాడు.

బాలలక్ష్మి బాయి దగ్గర నీళ్లు చేదుకుని వచ్చేసరికి ఊయల ఖాళీగా ఉంది.

"అత్తా, పిల్లేది?"

"వాడు కొంచవోయిండు. మొదటి పెండ్లానికి బిడ్డను చూపియ్యొద్దా?"

బిందె గడపలోనే దించి ఉరికింది. మైదానం అంచుకు చేరేసరికి చెవులు చిల్లులు పడేంత మోత. ఇల్లంత విమానం, దాని కడుపు కనబడేంత కిందికి వచ్చింది. అంబదాసు రెండు చేతులతో బిడ్డను తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. నల్లటి నీడ మేకల మీది నుంచి, గడ్డి మీది నుంచి ఉరికి వచ్చి, తండ్రినీ బిడ్డనూ మింగి, అవతలికి పోయింది. వెనకే దుమ్ము. బిడ్డ ఏడుస్తూ నోరు తెరవడం కనబడుతోంది కానీ, మోతలో ఆ ఏడుపు వినబడలేదు.

"జూసినవా లచ్చీ! గంత బరువు ఏసుకుని గంత మెల్లగ పోతె కూలాలె అసలైతె. కూలిందా? ఎట్ల వంగి తిరిగిందో జూసినవా!"

ఆమె బిడ్డను గుంజుకుని కొంగులో చుట్టింది.

నాలుగు దినాలు పోకముందే నర్మదకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. శంకరవ్వ పోశవ్వను పిలిపించింది. వాడలో పిల్లలకు మందూ మంత్రమూ ఆమే. పోశవ్వ బిడ్డ చంకలు చూసింది, తొడల మీద ముడతలు చూసింది.

"పక్షి దోషం. ఏ పక్షి పోయింది మీదికెల్లి?"

శంకరవ్వ చెప్పింది. పోశవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ తల్లీ! గంత పెద్ద పక్షా! ఇగ వినుండ్రి. తల్లిపాలు ఆపాలె. పాలు పోస్తున్నన్ని దినాలు దోషం తాగుతనే ఉంటది. బిడ్డను ఆకాశం కిందికి తేవద్దు. ఏ పక్షి నీడ పడ్డదో ఆ పక్షి ఈక నీళ్లల్ల ఏసి, గా నీళ్లు పొయ్యాలె."

"గాలిమోటరుకు ఈక యాడిదే?" అంది శంకరవ్వ.

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని ముసిముసిగా నవ్వుతున్న అంబదాసు నవ్వు ఆపాడు. అతని మొహంలో దీపం వెలిగినట్టయింది.

"ఉంటది," అన్నాడు. "అల్యూమినియం రేకు. పుణెల దొరుకుతది."

బాలలక్ష్మి అతన్ని వంటింట్లోకి పిలిచింది. "నువ్వు నమ్ముతున్నవా గీ మాట?"

"ఛీ. గాలిమోటరు పక్షి ఎట్లయితది?"

"మరి దవాఖానకు పోదాం పా. సర్కారు దవాఖానల లేడీ డాక్టరున్నది."

"అవ్వ ఊకుంటదా? ఈక తెస్తె అవ్వ మనసు చల్లవడ్తది. తరువాత దవాఖానకు పోదాం. ఎంతసేపు, రైలెక్కి పోయి రైలెక్కి వచ్చుడే కదా."

"పరేషాన్‌ల ఉన్న. నన్నిడిసి పోకు."

"బిడ్డ కోసమే పోతున్న కదనే!" అన్నాడు. అంటూనే సంచిలో అంగీ పెట్టుకున్నాడు. పెండ్లికి కుట్టించుకున్న తెల్ల అంగీ అది. దాన్ని చూడగానే ఆమెకు అర్థమైంది. ఈక కోసం పోయేవాడు పెండ్లి అంగీ ఎందుకు పెట్టుకుంటాడు?

అతను పోయాడు. ఇంటి తలుపు మూసుకుంది. శంకరవ్వ చెంచాతో బిడ్డ నాలుక మీద గంజి తేట చుక్కలు వేసేది. అది దిగినంతే బయటికి పోయేది. పాలు గడ్డకట్టి బాలలక్ష్మికి జ్వరం వచ్చింది. పాలు పిండి గోడకు పోసింది. బిడ్డ వాసన పట్టి తల తిప్పుకుని వెతికేది. ఆమె మొహం పక్కకు పెట్టుకునేది. తానే, తన చేతులతోనే, బిడ్డ నోటిని దూరం జరిపేది. పెద్దవాళ్లు చెప్పారు కదా. ఐదో తరగతితో బడి మాన్పించిన పిల్ల, తనకేం తెలుసు?

ఒక పొద్దున బిడ్డ ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు నిన్న, ఈ రోజు ఏడుపే లేదు. మాడు మీద చెయ్యి పెడితే గుంట తగిలింది. బాలలక్ష్మి లేచి గొళ్లెం తీసింది.

"యాడికే?"

"దవాఖానకు."

"ఈక రాంది ఆకాశం కిందికి తీస్తవా? సంపుతవా బిడ్డను? నా కడుపున పుట్టిన ఇద్దరిని గిట్లనే పోగొట్టుకున్న, నీకేం ఎరుక!"

"నువ్వు ఇద్దరిని పోగొట్టుకున్నవు గదా అత్తా. నాకు గిదొక్కతే ఉన్నది."

అన్నది కానీ గడప దాటగానే తల పైకెత్తి చూసింది. పైన ఆకాశం తెల్లగా, అంతు లేకుండా ఉంది. వెనక్కి వచ్చి గోడకున్న చాట తీసుకుంది. ఒక చేత్తో బిడ్డను అదుముకుని, ఇంకో చేత్తో చాటను బిడ్డ మీద గొడుగులాగ పట్టుకుని బజారు నడుమ నుంచి నడిచింది. టాంగావాళ్లు నవ్వారు. "ఏం చెరుగుతున్నవు అక్కా, ఎండనా?" అన్నాడొకడు. చెయ్యి గుంజింది, తిమ్మిరెక్కింది. చాట దించలేదు.

దవాఖానలో డాక్టరమ్మ బిడ్డ పొట్ట మీద తోలును వేళ్లతో పట్టి వదిలింది. వదిలిన తోలు అట్లనే నిలబడింది.

"పాలెప్పుడిచ్చావమ్మా?"

"ఆపమన్నరు."

"ఎవరు?"

బాలలక్ష్మి పోశవ్వ పేరు చెప్పలేదు. విమానం సంగతి చెప్పలేదు. చాటను కాళ్ల వెనక దాచుకుంది.

"దీనికి రోగం కొంచెమే. ఎండబెట్టింది మీరు," అంది డాక్టరమ్మ. "విరేచనాలు పడితే పాలు ఇంకా ఎక్కువ ఇవ్వాలి. చూడు, నోరు తెరుస్తోంది. ఇవ్వు."

సెలైను ఎక్కించారు, మందు పట్టారు. బిడ్డ రొమ్ము పట్టుకున్నప్పుడు పట్టు లేదు. మూడోసారికి వచ్చింది. ఆ పట్టుకు బాలలక్ష్మికి ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే 'ఎండబెట్టింది మీరు' అన్న మాట వచ్చి గుండెలో కూర్చుంది. మీరు అంటే ఎవరు? గోడకు పాలు పిండింది ఎవరు?

శంకరవ్వ దవాఖాన వరండా దాకా వచ్చింది కానీ లోపలికి రాలేదు. బయటే కూర్చుని, కోడలిని తిడుతూ, కోడలికి సద్దిమూట పంపిస్తూ ఉండిపోయింది.

బిడ్డను ఇంటికి తెచ్చిన తరువాత వచ్చాడు అంబదాసు. గడ్డం పెరిగింది. పెండ్లి అంగీకి మసి అంటింది. మొహం మాత్రం జాతర నుంచి వచ్చినవాని మొహం. అరుగు మీదనే మొదలుపెట్టాడు.

"లోపటికి రానియ్యలే. తీగల కంచె అవతలనే నిలవడ్డ. అయితేంది? పొద్దుగాల లేసింది జూడు! ఆ చివరి నుంచి ఉరికి ఉరికి, ఇగ లేవదు, ఇగ లేవదు అనుకుంటనే ఉన్న, ఆఖరికి చక్రం భూమి మీదికెల్లి ఇడిసింది. ఒక ఇంజను ఆపి గూడ తిప్పిండ్రు! జర వంగింది, సదురుకున్నది, పోయింది. మరునాడు గూడ చూసిన. గా మరునాడు గూడ..."

బాలలక్ష్మి బిడ్డను ఒడిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అతను అడిగేదాకా చూద్దామనుకుంది. మిల్లు నుంచి వచ్చిన గంగయ్య వినడానికి కూర్చున్నాడు. ఇంకొకరు వచ్చారు. చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు అన్నాడు:

"ఏదీ, బిడ్డెట్లున్నది? ఈక తెచ్చిన."

సంచిలోంచి తీశాడు. అరచేతంత రేకు, ఒక మూల సొట్ట. కంచె బయట పాత సామాన్లవాని దగ్గర కొన్నాడట. ఆమె తిప్పి చూసింది. అంచు వంపు చూస్తే ఏదో తపేలా మూత ముక్కలాగ కనబడింది.

"దవాఖానల ఉన్నం. సావు దాకా పోయొచ్చింది," అంది.

"మంచిగైంది కదా?" అని బిడ్డ బుగ్గ గిల్లి, గంగయ్య వైపు తిరిగాడు. "ఒక్క దిక్కే రెండు ఆగినయనుకో, పైలట్ రెండు కాళ్లు పెట్టి తొక్కాలె..."

ఆ సాయంత్రమే శంకరవ్వ రేకు వేసిన నీళ్లు బిడ్డకు పోసింది. నెల తిరిగేసరికి నర్మద బుగ్గలు నిండాయి. వాడంతా ఒకటే మాట: ఈక పనిచేసింది. పోశవ్వ చెప్పింది, అంబదాసు అంత దూరం పోయి తెచ్చాడు. బిడ్డ కోసం పుణె దాకా పోయిన తండ్రి ఎవడున్నాడు? ఆడవాళ్లు వచ్చి రేకును చూసి, కండ్లకు అద్దుకుని పోయేవాళ్లు. అంబదాసు అది రెక్కలో ఏ జాగాదో వాళ్లకు వివరంగా చెప్పేవాడు.

అత్త మీద బాలలక్ష్మికి కోపం నిలవలేదు. అత్త నమ్మి చేసింది. పోశవ్వా నమ్మింది. తానూ చాట పట్టింది. నమ్మనివాడొక్కడే. అన్నీ తెలిసి, నవ్వుకుని, అంగీ సర్దుకుని పోయాడు. అన్నం పెట్టేటప్పుడు ఆమె అతని మొహం చూడడం మానేసింది. అతను అది పట్టించుకోనూ లేదు.

ఒకనాడు పక్క సందు కిష్టవ్వ వచ్చింది. చంకలో కొడుకు, ముడతల మొహం, తెరిచి మూయని నోరు.

"గా ఈక జర ఇయ్యి బాలలక్ష్మీ. పోశవ్వ పాలు ఆపమన్నది, ఆపిన. ఏ పక్షి దోషమైనా మీ పెద్ద ఈకకు పోతదంట, ఇగ అదే తక్కువ."

"ఆపకు!" అని లేచింది బాలలక్ష్మి. "వదినా, నా మాట ఇను. పాలియ్యి, దవాఖానకు కొంచవో. నా బిడ్డను బతికిచ్చింది ఈక కాదు, డాక్టరమ్మ. నా కండ్లతోని చూసిన."

కిష్టవ్వ మొహం మారింది. "నీ బిడ్డకైతె ఈక, నా కొడుక్కైతె దవాఖాననా? ఇయ్యనంటె ఇయ్యనను. అబద్ధాలెందుకు? అరిగిపోతదా?"

"అబద్ధం కాదు వదినా, నా బిడ్డ మీద ఒట్టు!"

"బిడ్డ మీద ఒట్టు గూడ ఏస్తున్నవు. పోనీ తియ్యి. దేవుడు చూస్తడు."

కిష్టవ్వ వెనక్కి తిరిగింది. ఆమె భుజం మీద పిల్లవాని తల వాలిపోయి ఉంది. ఆ మాడు మీది గుంట బాలలక్ష్మికి ఇక్కడికే కనబడింది.

"ఆగు," అంది.

లోపలికి పోయి రేకు తెచ్చింది. అరుగు మీద గంగయ్యతో కూర్చున్న అంబదాసు చూస్తున్నాడు. చూడనీ అనుకుంది.

"తీస్కపో. కని ఇది చిన్న పక్షి ఈక కాదు, దీని పద్ధతి వేరే. చిన్న పక్షికైతె పాలు ఆపాలె. పెద్ద పక్షికి ఆపద్దు, ఆపితె దానికి కోపమొస్తది. పిల్లగాన్ని రొమ్ముకు పెట్టుకునే కొంచవోవాలె. దవాఖానల డాక్టరమ్మ చెయ్యి పిల్లగానికి తాకినంకనే ఈక పనిజేస్తది. ఆమె ఇచ్చిన మందు ఒక్క పూట తప్పినా ఈక గుణం ఇరుగుతది. నా బిడ్డకు గట్లనే జేసిన. ఎవలకూ చెప్పలే."

కిష్టవ్వ రేకును రెండు చేతులా అందుకుని కండ్లకు అద్దుకుంది. "గిది ముందే చెప్పొద్దా తల్లీ!" అక్కడే గడపలో కూర్చుని కొడుకును రొమ్ముకు ఆనించుకుంది.

"ఇప్పుడే పోవాల్నా?"

"ఇప్పుడే."

"నెత్తి మీద చాట పట్టాల్నా, నువ్వు పట్టినట్టు?"

"పట్టు," అని తన చాటే ఇచ్చింది బాలలక్ష్మి.

అరుగు మీద అంబదాసు తొడ చరిచాడు. "జూసినవా గంగన్నా! ఇన్ని దినాలు మొహం ముడుసుకున్నది. మా ఇంటిదానికి గూడ సమజయింది చూడు, గాలిమోటరంటె ఏందో! ఇగ విను, గా రేకు ఉన్నదే, అది రెక్క మొదట్ల..."

బాలలక్ష్మి నర్మదను చంకనెత్తుకుని సందు మొగదాకా నడిచింది. అక్కడి నుంచి ఎడమకు పోతే పోశవ్వ ఇల్లు, కుడికి పోతే దవాఖాన. చాట కింద కిష్టవ్వ మెల్లగా పోతోంది. మూల మీద ఒక్క క్షణం ఆగింది. కుడికి తిరిగింది. ఆమె వీపు కనబడకుండా పోయేదాకా బాలలక్ష్మి అక్కడే, ఎండలో, నిలబడి చూసింది.