తెలుగు అక్షరాల నోట్సు

కవితకు నోట్సు రాసిచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ధైర్యం ఉండదు.

మా ఇద్దరిదీ నర్సింగే. నాది జనగామ. ఎవరో చెబితే విని మా నాయిన శ్రీపాల్ నన్ను జపనీస్ క్లాసులో చేర్పించాడు. నాకు పెద్ద ఇష్టమేమీ లేదు. కవితది గార్ల దగ్గర తండా. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో మూడేళ్లుగా చేస్తోంది. అక్కడ నర్సు పనంతా చేయించుకుని రిజిస్టరులో మాత్రం ఆయా అని రాసేవారు. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి పోవాలని ఆదివారం ఆదివారం రైలెక్కి జనగామ వచ్చేది.

జపనీస్ చెప్పే సోమనర్సయ్య సార్ మాకు తలా ఒక డైరీ ఇచ్చారు. ఈ రోజు ఏం చదవాలనుకున్నావు, చదివావా, చదవకపోతే ఎందుకు అని మూడు గడులు. ఎవరి చదువు వాళ్లే నడుపుకోవాలని ఆయన పట్టుదల. నేను శనివారం సాయంత్రం కూర్చుని వారం మొత్తానికి అబద్ధాలు నింపేదాన్ని. కవిత డైరీలో మూడో గడి ఎప్పుడూ ఖాళీయే. చూస్తే నాకు ఒళ్లు మండేది.

మొదటి నెల అందరం జపనీస్ మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాం. రెండో నెల సార్ వద్దన్నారు. పరీక్షలో తెలుగు అక్షరం ఒక్కటి కూడా కనబడదని చెప్పారు. మేమంతా మానేశాం. కవిత మాత్రం క్లాసయ్యాక నా పక్కకు జరిగింది.

"మా లంబాడీ మాటకు వేరే అక్షరాలున్నయా అక్షితా? తెలుగులనే రాసుకుంటం. గిది గూడ గట్లనే వస్తది. జర రాసియ్యి."

రాసిచ్చాను. తప్పని తెలుసు. కానీ అబద్ధాలు నింపే నా దగ్గరికి అంత బుద్ధిగా చదివే పిల్ల వచ్చి అడిగితే నాకు గొప్పగా అనిపించింది. ఎనిమిది నెలల్లో మూడు నోటుబుక్కులు అయ్యాయి. కవిత రైల్లో వాటిని నోటికి పట్టేది. ఏ మాట ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ గొంతు దించాలో ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకునేది.

జపాన్ నుంచి ఒక వృద్ధాశ్రమం మేడం కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ చేసింది. కవిత గడగడా మాట్లాడితే ఆవిడ మురిసిపోయింది. నేను తడుముకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఉన్నది ఒకే ఉద్యోగం. అది కవితకు వచ్చింది, ఆమె తర్వాత పేరు నాది. ఇక భాష పరీక్ష ఒక్కటే మిగిలింది. ఆ నెలలోనే పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది.

పరీక్ష హైదరాబాద్‌లో, కంప్యూటర్ మీద. కవిత నా ముందు వరుసలో కూర్చుంది. వినే ప్రశ్నలప్పుడు ఆమె తల చకచకా ఊగింది. తర్వాత చదివే ప్రశ్నలు వచ్చాయి. ఆమె వేలు ఒక్కో అక్షరం దగ్గర ఆగడం మొదలైంది. అక్షరాలు రాక కాదు, కూడబలుక్కుంటోంది. ఆమె ఒక వాక్యం ముగించేలోపు నేను నాలుగు దాటేస్తున్నాను. లేచి పోయి చదివి పెట్టాలనిపించింది. ఇన్నాళ్లూ నేను చేసింది అదే కదా. కదలడానికి లేదు.

ఫలితం అక్కడే తెర మీద వచ్చింది. నేను పాసయ్యాను, ఆమె తప్పింది. వారం తిరగకుండా సార్ ఫోన్ చేసి ఆ ఉద్యోగం నాకు వచ్చిందన్నారు. నాయిన వీధంతా స్వీట్లు పంచాడు. నేను పోనంటే అది ఇంకెవరికో పోతుందట గానీ కవితకు తిరిగి రాదట. అడిగి చూశాను.

ఆదివారం కవిత క్లాసుకు వచ్చింది. నా తప్పేనని చెప్పబోయాను, ఏడుపొచ్చింది.

"నువ్వేం జేస్తవ్, అడిగింది నేనే గద," అంది కవిత. డైరీ తెరిచి మొదటిసారి మూడో గడి నింపింది. సార్ మాట వినలేదు అని రాసింది. నా పేరు ఎక్కడా లేదు. తర్వాత సంచిలోంచి మూడు నోటుబుక్కులూ తీసింది.

"నీకు మాట్లాడరాదు. ఆడ ముసలోళ్లు పరేషాన్ అయితరు. ఎట్ల పలకాల్నో గిండ్ల గీతలు వెట్టిన. తీస్కపో."

తీసుకునే మొహం నాకు లేదు. వద్దనే మొహం అంతకన్నా లేదు. తీసుకున్నాను.