టోలివర్ బావి నీళ్ళు

"ఈ ఎనిమిది పేజీలూ టైపు చేసిపెట్టు ఆర్డిస్, శనివారం మ్యూజియం వాళ్ళకివ్వాలి" అంటూ మెర్ల్ కాగితాలు తెచ్చి, నేను పిండి కలుపుతున్న బల్ల మీదే పెట్టాడు. మా ఆయన రాసిన మా ఊరి చరిత్ర. ఊరంటే ఇప్పుడేముంది, మూసేసిన మా పెట్రోలు బంకు, ఆరు గదుల మోటెల్, మా హోటలు. కొత్త హైవే పది మైళ్ళ అవతలగా పోయి ఐదేళ్ళయింది.

"1931లో మా నాన్న ఎమ్మెట్ టోలివర్ తవ్విన బావే ఈ మొహావీ ఎడారిలో నలభై ఏళ్ళు ప్రయాణికుల ప్రాణాలు నిలిపింది." మొదటి వాక్యం దగ్గరే నా వేళ్ళు ఆగాయి. నేను కాపురానికొచ్చేసరికే ఆ బావి నీళ్ళు ఉప్పు కషాయం. కార్ల రేడియేటర్లలో కూడా ఎవరూ పోసేవాళ్ళు కాదు. బంకు దగ్గర మగాళ్ళుండాలని మామగారు తేల్చేస్తే, రైల్వే స్టేషను నుంచి పద్నాలుగు మైళ్ళు ట్యాంకు లారీ తోలుకుంటూ రోజు మార్చి రోజు నీళ్ళు తెచ్చింది నేను. ఇరవై మూడేళ్ళు తెచ్చాను. ఆ నీళ్ళే గ్లాసుల్లో పోసి "మా బావి నీళ్ళు తాగి చూడండి" అని మామగారు మురిసిపోతుంటే, వెనకాల ఎంగిలి గ్లాసులు కడిగేదాన్ని.

1952 జూలైలో నాకు ఏడో నెల. సగం దారిలో టైరు పేలింది. లారీ నీడలో నాలుగు గంటలు కూర్చున్నాను, నొప్పులు అక్కడే మొదలయ్యాయి. మెర్ల్ వెతుక్కుంటూ వచ్చి, కారు దిగుతూనే "ట్యాంకులో నీళ్ళేం కారిపోలేదు కదా?" అన్నాడు. పాప ఆ సాయంత్రం పుట్టింది. ఏడవలేదు. కంగారులో అన్నాడులే, అన్న సంగతే మర్చిపోయుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

"నీళ్ళు నేను తెచ్చిన సంగతి ఇందులో లేదేం?"

"అలాంటివి చరిత్రలో రాయరు ఆర్డిస్. నా భార్య సహకారంతో అని చివర్లో రాశాగా."

ఎనిమిది పేజీలూ ఉన్నదున్నట్టు కొట్టాను. తొమ్మిదో పేజీ నేను రాశాను. లారీ, ఉప్పు బావి, పాప, అన్నీ. ఆయన అన్న మాట కూడా.

చదివి, "ఇది తీసెయ్. నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఇస్తే తొమ్మిదీ ఇస్తాను. లేదంటే ఇవి చింపేస్తాను, ఎనిమిదీ నువ్వే మళ్ళీ టైపు చేసుకో."

శనివారం కారు నేనే తోలాను. ఆయన పక్కన కూర్చున్నాడు. టైరు పేలిన మలుపు దాటుతుంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "ఆ రోజు నేనేమన్నానో నాకెప్పుడూ గుర్తే."

మర్చిపోయాడనుకునే ఇన్నేళ్ళూ క్షమించాను.

మ్యూజియం ముందు కారు ఆపి తొమ్మిది కాగితాలూ తీసుకున్నాను. ఆయన తలుపు తీయబోయాడు.

"నువ్వు కూర్చో మెర్ల్" అన్నాను. "నేనిచ్చి వస్తాను."