కర్మెల మాత పాదాల దగ్గరి హెల్మెట్

పగిలిన హెల్మెట్‌కు మహిమ ఉంటుందని నమ్మే ఊళ్ళో పిల్లలకు సైకిల్ పోటీలు నేర్పడం నా ఖర్మ. బొయాకా కొండల్లో, ఉల్లి పొలాల మధ్య మా ఊరు. ఇక్కడ పిల్లలకు నడక సరిగ్గా రాకముందే పెడల్ మీదికి కాలు వెళ్తుంది. శనివారాలు వాళ్ళను కొండ ఎక్కించి దించేది నేనే.

ఆరేళ్ళ క్రితం ఎలీసియో అనే పిల్లాడు దిగుడులో పట్టు తప్పి రాతిగోడకు గుద్దుకున్నాడు. హెల్మెట్ చీలింది, వాడు మాత్రం లేచి మట్టి దులుపుకుని నవ్వాడు. ఊరు ఊరంతా వెళ్ళి ఆ హెల్మెట్‌ను చర్చిలో కర్మెల మాత పాదాల దగ్గర పెట్టింది. జూలైలో మాత పండుగనాడు, బళ్ళను కాచే తల్లి కదా అని, లారీల మీదా బస్సుల మీదా దీవెన నీళ్ళు చల్లుతూ ఫాదర్ దాని మీద కూడా నాలుగు చుక్కలు చల్లారు. ఇక చూడాలి! పోటీ వచ్చిందంటే తల్లులు వంతులేసుకుని దాన్ని తెచ్చి తమ పిల్లల నెత్తిన పెట్టడం మొదలుపెట్టారు. హెల్మెట్ ఒక్క పెద్ద దెబ్బకే కాస్తుంది, ఆ తర్వాత అది ఉత్త డొప్ప అని ఎన్నిసార్లు చెప్పానో. అందరూ తలలూపేవారు. తలలూపడంలో మా ఊరివాళ్ళను మించినవాళ్ళు లేరు.

పోయినేడు వంతు ఓమైరాది. ఆమె కూతురు యూరానీకి తొమ్మిదేళ్ళు. ఎత్తు ఎక్కడంలో పెద్దపిల్లలను ఏడిపించేది. ఆ పిల్ల కోసం పట్నం వెళ్ళి కొత్త హెల్మెట్ తెచ్చాను. పోటీ మొదలయ్యేముందు తల్లి చేతిలో పెట్టాను.

"సరిగ్గా దాని కొలతే ఓమైరా. ఆ పాతది తీసెయ్."

"కొత్తదాన్లో ఏముంది మాస్టారూ? అదింకా ఒక్క బిడ్డనైనా కాపాడిందా?"

"లోపల నెర్రె చూడమ్మా. గోరు దూరుతోంది."

"ఆ నెర్రెలోంచే కదా మాత ఎలీసియో తల పట్టుకుంది!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. "మాస్టారికి దేవుడి మీదకన్నా కొట్టువాడి మీదే గురి," అంది ఒకామె.

"నాకిదే కావాలి మాస్టారూ," అంది యూరానీ. "ఇది పెట్టుకుంటే అందరూ నన్నే చూస్తున్నారు."

అయితే నిన్ను పోటీలోకి దించను పో, అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల గెలుస్తుందని నాకు తెలుసు. గెలిపించింది నేనని చెప్పుకోవాలన్న యావ నాది. నోరు మూసుకున్నాను.

ఎత్తులో అందరికన్నా ముందుంది. దిగుడులో మూడో మలుపు దగ్గర కుక్క అడ్డొచ్చింది. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి హెల్మెట్ రెండు ముక్కలై ఉంది.

యూరానీ బతికింది. ఇప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో గొంగడి కప్పుకుని కూర్చుంటుంది. ఓమైరా చెంచాతో బెల్లం నీళ్ళు పడితే సగం గడ్డం మీదుగా కారిపోతాయి. తల్లిని గుర్తుపట్టదు. ఇక గుర్తుపడుతుందన్న మాట డాక్టర్లు కూడా అనడం మానేశారు.

పోయిన వారం చూడ్డానికి వెళ్ళాను. ఓమైరా హెల్మెట్ ముక్కలకు జిగురు రాసి అతికిస్తోంది.

"మళ్ళీ ఎందుకమ్మా ఇది?"

"అదేంటి మాస్టారూ? రెండు ప్రాణాలు నిలబెట్టింది. పిల్ల బతకడమే గొప్పని డాక్టరే అన్నాడు కదా. ఆదివారం పోటీకి ఇవ్వమని నీడియా రోజూ ప్రాణం తీస్తోంది. వాళ్ళ పిల్ల మారిసెల్‌కి ఏడేళ్ళేగా, పాపం, భయపడుతుంది."

"ఇవ్వకు ఓమైరా. నీకు దండం పెడతా. ఆ రోజు కొత్తది పెట్టుంటే..."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "పెట్టుంటే?"

నేను జిగురు డబ్బాకు మూత పెట్టబోయాను.

"చెప్పండి మాస్టారూ. కొత్తది పెట్టుంటే నా పిల్ల ఇప్పుడు నన్ను అమ్మా అని పిలిచేదా?"

పిలిచేదేమో. చాలావరకు పిలిచేదే. ఆ మాట అంటే హెల్మెట్ ఆ నిమిషమే పొయ్యిలో పడుతుంది, మారిసెల్ తల దక్కుతుంది. కానీ ఆ మాట విన్న తల్లి మర్నాడు లేచి ఈ పిల్లకు చెంచా ఎలా పట్టాలి? ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"లేదమ్మా," అన్నాను. "ఏది పెట్టినా ఇంతే అయ్యేది."

ఓమైరా పెద్దగా ఊపిరి వదిలింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ జిగురు అందుకుంది.

ఆదివారం మారిసెల్ దాన్ని పెట్టుకుని వరసలో నిలబడింది. గడ్డం కింద పట్టీ వదులుగా ఉందంటే నేనే వంగి బిగించాను.